అద్దాలు లేని గోల్కొండ

మా ఆఫీసు అద్దాల మేడకి కిటికీలు తెరుచుకోవు. పొద్దున పదింటికల్లా ఎండ మానిటర్ మీద పడుతోందని బ్లైండ్లు దించేస్తాం. చీకటైందని లైట్లు వేస్తాం. అద్దం వేడెక్కిందని ఏసీ పెంచుతాం. ఒక బగ్గుకి ప్యాచ్, ఆ ప్యాచ్‌కి ఇంకో ప్యాచ్. చుట్టూ ఉన్న ప్రకృతితో మా బిల్డింగుకి సంబంధం ఏమైనా ఉందంటే అది లాబీలో కుండీల వరకే.

అసలు కిటికీ అద్దాలే లేని గోల్కొండ ఒకటుంది. మన కోట కాదులెండి. పాండిచ్చేరిలో అరవిందాశ్రమం వాళ్ళ వసతిగృహం, ఫ్రెంచి పలుకుబడిలో 'గోల్‌కొండ్'. దాని కట్టుబడికి నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయలు ఇప్పించినాయన సర్ అక్బర్ హైదరీ. ఆ కృతజ్ఞతతోనే ఆ పేరు పెట్టారు.

ప్లాను గీసింది ఆంటొనిన్ రేమండ్. పుట్టింది బొహీమియాలో. 1919లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర ఇంపీరియల్ హోటల్ పని మీద టోక్యో వెళ్ళి, అక్కడే సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. గోడంటే అవసరమైతే పక్కకి జరిపేసే తలుపు అన్న సంగతి ఆయన జపాను ఇళ్ళలో చూశాడు. 1937లో ఆయన తరఫున పాండిచ్చేరి వచ్చి పని చూసుకున్నది జార్జ్ నకషిమా. ఈయన జీతం కూడా వద్దని ఆశ్రమవాసి అయిపోయాడు! (తర్వాత అమెరికాలో చెక్క ఫర్నిచరుకి పెద్ద పేరు తెచ్చుకున్నది ఈయనే.)

బిల్డింగు తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉంటుంది. అంటే వెడల్పాటి ముఖాలు ఉత్తర దక్షిణాలకి. పాండిచ్చేరిలో దక్షిణపు ఎండ చాలావరకు నడినెత్తి మీంచి వస్తుంది కాబట్టి దాన్ని ఆపడం తేలిక. వాలుగా కొట్టే పొద్దుటి ఎండకీ, సాయంత్రపు ఎండకీ సన్నటి పక్కగోడలే దొరుకుతాయి. ఆ రెండు పెద్ద ముఖాలకీ గోడా లేదు, కిటికీ లేదు. పై నుంచి కింది దాకా అడ్డంగా తిరిగే పలకలు. చేత్తో తిప్పితే గాలి వస్తుంది, వాన వస్తే మూసుకుంటారు. ఉత్తరాన నడవా, దక్షిణాన గదులు, మధ్యలో జరిపే టేకు తలుపులు, వాటికీ సందులే. తలుపు వేసుకున్నా గాలి ఆగదన్నమాట. పైకప్పు రెండు పొరలు. మీద పోతపోసిన వంపు కాంక్రీటు పలకలు, కింద అసలు స్లాబు, మధ్యలో ఖాళీ. ఎండంతా పై పొరే భరిస్తుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ పలకలు ఆస్బెస్టాస్ సిమెంటువి. ఆస్బెస్టాస్ ఎంత చేటో ఇప్పుడు తెలుసు. ఇంకో మాట, అక్కడ థర్మోస్టాట్ మనిషే. గాలి ఎటు తిరిగిందో, మబ్బు ఎప్పుడు పట్టిందో లోపలున్నవాళ్ళు గమనిస్తూ ఉండాలి. ఆశ్రమవాసులు చేస్తారు. ఫ్లోరుకి మూడొందలమంది కూర్చునే చోట ఏ పలక ఎవరు తిప్పాలన్నదాని మీదే రెండు మీటింగులు అవుతాయి. అది నిజమే, కానీ బిల్డింగు మొహం ఎటు పెట్టాలన్నది మాత్రం ప్లాను గీసేనాడు పెద్దగా ఖర్చు లేని పని. స్థలం కలిసిరాకపోతే వేరే సంగతి. మా మేడకి పడమటి వైపంతా అద్దమే, అది ఎవరి ఐడియానో!

కట్టడం 1940ల దాకా సాగింది. తలుపుల ఇత్తడి బిగింపులు కూడా ఆశ్రమంలోనే పోతపోసుకున్నారు. అన్నట్టు, కడప వాళ్ళెవరైనా చదువుతుంటే మీకో సంగతి. ఆ గదుల్లో చల్లగా కాళ్ళకి తగిలే నల్లటి నున్నటి నేల మీ ఊరి రాయే.