పలికేది లొక్ఖి, రాసేది లక్ష్మీ

మాఘ శుద్ధ పంచమి. ఉత్తర కోల్‌కతాలో ఓ ఇరుకు సందు, వెదురు బొంగులకు గుడ్డ చుట్టిన చిన్న పందిరి. లోపల విగ్రహాలు చేసే కుమార్‌టులి నుంచి వచ్చిన తెల్లటి సరస్వతి. పాదాల దగ్గర మోదుగుపూలు, రేగుపళ్లు, పాలు పోసిన సిరాబుడ్డి, అందులో రెల్లు కలం. పక్కనే పుస్తకాల గుట్ట, అందులో లెక్కల పుస్తకాలే ఎక్కువ. పూజయ్యేదాకా రేగుపండు కొరకకూడదు, ఇవాళంతా పుస్తకం ముట్టకూడదు. రెండో నియమాన్ని ఏ పిల్లాడూ తప్పడు.

పురోహితుడు ఆలస్యంగా దిగాడు. ఇంకా ఎన్ని పందిళ్లకు మాటిచ్చాడో! గబగబా పుష్పాంజలి చెప్పించి, బుల్లి పసుపు పంచె కట్టిన బుడతణ్ణి ఒళ్లోకి లాక్కున్నాడు. దీన్ని హాతే ఖొడి అంటారు, మన అక్షరాభ్యాసమే. బియ్యప్పళ్లెం లేదు, పలకా సుద్దముక్కే. పిడికిలి పట్టి 'అ' దిద్దించాడు. "షొరే ఒ" అన్నాడు బుడతడు. 'అ' ఇక్కడ నోట్లో పడగానే 'ఒ' అవుతుంది. "ఠాకుర్ మొశాయ్, ఎ బి సి కూడా..." అని తల్లి గొణిగింది. ఆయన నవ్వి, అదీ రాయించాడు.

వాడు 'అ'తో మొదలుపెట్టిన బెంగాలీ అక్షరాల వరస 1855 నాటిది. మన కందుకూరిని 'దక్షిణదేశ విద్యాసాగరుడు' అంటామే, ఆ అసలు విద్యాసాగరుడు 'వర్ణపరిచయ్' అనే వాచకం రాసి కుదిర్చింది. బడుల తనిఖీకి వెళ్తూ పల్లకిలోనే రాశాడని చెప్పుకుంటారు. బెంగాలీకి అక్కర్లేని ౠ, ౡలను తీసేసి 12 అచ్చులు, 40 హల్లులుగా తేల్చాడు. మనం మాత్రం ౠని ఇప్పటికీ పిల్లలచేత దిద్దిస్తూనే ఉన్నాం. తర్వాత 1930లో నందలాల్ బోస్ బొమ్మలతో రవీంద్రుడి వాచకం 'సహజ్ పాఠ్' వచ్చింది.

అయితే ఒత్తుల దగ్గర విద్యాసాగరుడూ చేయగలిగింది తక్కువే. వాటన్నిటినీ రెండో భాగానికి నెట్టాడు. ఆ కష్టం చూడాలంటే సెలవయ్యాక ప్రైమరీ బడికి రండి, వెనక బెంచీలో చోటుంది.

దీదీమొణి, అంటే పంతులమ్మ, "లొక్ఖి" అంది. ముందు వరస పిల్లాడు విన్నది విన్నట్టు రాశాడు: క, కింద ఖ. రాయాల్సింది 'లక్ష్మీ'. మన పిల్లలకు ఒత్తు మరిచిపోతే చెవి గుర్తుచేస్తుంది. వీళ్లకు ఆ సాయం లేదు. శ, ష, స మూడూ చాలా మాటల్లో 'శ'గానే వినిపిస్తాయి. అందుకే తాలొబ్బొ శొ, మూర్ధొన్నొ షొ, దొంతొ సొ అంటూ ఒక్కోదాన్ని ఇంటిపేరుతో సహా బట్టీపట్టాలి.

దీదీమొణి కోప్పడలేదు. క కింద మూర్ధొన్నొ షొ, దానికి మొ-ఫొలా, అంటే మ ఒత్తు, అని నల్లబల్ల మీద విడదీసి చూపింది. వాడు తుడిచి దిద్దుకునేలోపే ఇంకో మాట: "పొద్దొ". పద్మమే, మ మాత్రం వినపడదు. వాడు ద కింద ద పెట్టబోయాడు.

"మొ-ఫొలా! మొ-ఫొలా!" అని క్లాసంతా ఒక్కసారి అరిచింది.