మన్యపు జ్వరమును పిల్లల నెత్తురును

డోర్నకల్ జంక్షనులో బండి మారి ఇల్లెందు దెసకు పోవువారికి మా ప్రాంతపు అడవులు తెలిసినవే. ఆ అడవులకు క్రొత్తగా పోయిన మైదానమువారు రెండు వారములలో చలిజ్వరముతో తిరిగివత్తురనియు, అచ్చటనే పుట్టి పెరిగిన కోయలకు అంత బాధ లేదనియు పెద్దలు చెప్పుచుండిరి. వారు చూచినది నిజమే. కాని ఆ కోయల తోబుట్టువులెందరు పసితనముననే పోయిరో ఎవరును లెక్కింపలేదు. బడిపంతులుగా నాకు తెలిసినది మరియొక లెక్క: వానకాలపు హాజరుపట్టీలోని ఖాళీలు.

మన ఆయుర్వేదము విషమజ్వరమును తృతీయకము, చతుర్థకము అని చక్కగా విభజించినది. జ్వరము ముదిరినపుడు పొట్టలో పెరుగు ప్లీహమును మన స్త్రీలు ‘బల్ల’ యందురు. 1847 ప్రాంతమున డెంప్‌స్టరను వైద్యుడు ఉత్తర హిందూస్థానపు కాలువల వెంబడి ఊళ్లలో ఆ బల్లనే తడిమి చూచి, జ్వరమెంత యున్నదో కొలిచెను. తరువాతివారు ఆ పరీక్షను ముఖ్యముగ పిల్లలయందే చేసిరి. పిల్లల పొట్టయే గ్రామమునకు కొలబద్ద యయ్యెను!

1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డు రాసు, హుసేన్ ఖానను రోగిని కుట్టిన దోమ కడుపులో జ్వరబీజమును కనుగొనెను. ఆ కథ మీరెరిగినదే. పెద్దలను ఆ బీజము ఏల అంతగా బాధింపదను ప్రశ్న మాత్రము మిగిలెను. 1900 ప్రాంతమున జర్మను వైద్యుడు కాక్, జావా, న్యూగినీ ద్వీపములలో నెత్తురు పరీక్షించి, బీజములు బిడ్డలలో మెండుగాను పెద్దలలో అరుదుగాను ఉన్నవని చూపెను.

సమాధానము 1961లో గాంబియానుండి వచ్చెను. కోహెన్, మెక్‌గ్రెగర్, కారింగ్టనులు పెద్దల నెత్తురునుండి గామా గ్లాబ్యులినును వేరుచేసి, జ్వరపీడితులైన పిల్లలకు సూదిద్వారా ఎక్కించిరి. కొలది దినములలో బీజములు మిక్కిలి తగ్గెను. ఈ జ్వరమెరుగని దేశపువారి నెత్తురునుండి తీసినది ఇచ్చినపుడు ఆ ఫలము కలుగలేదు. అందున్న ప్రతిరక్షకములే ఆ పని చేసినవన్నమాట. తల్లినుండి అవియే బిడ్డకు వచ్చి తొలి నెలలలో కొంత కాపాడును. అవి తరిగిన వెనుక గండకాలము. మరల మరల జ్వరపడి బ్రదికిన బిడ్డ ఏండ్లమీద తన ప్రతిరక్షకములను తానే కూర్చుకొనును. ఎంత వెలకు కొన్న రక్షయో చూడుడు! అదియైనను పూర్ణము కాదు; ఊరు విడిచి కొన్ని సంవత్సరములుండినచో సన్నగిల్లును.

ఆ వెల చెల్లింపకయే రక్ష నిచ్చుటకు పిల్లల టీకాలు వచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకదానిని, 2023లో పూనాలో తయారగు మరియొకదానిని సిఫారసు చేసెను. రెండును ఫాల్సిపారమను జాతిని ఉద్దేశించినవే. మన దేశమున మెండుగా నున్న వైవాక్సు జాతికి టీకా ఇంకను రాలేదు.