ఒక్కపొద్దులు, కోతకూలీలు: పల్నాట తపస్సు కాలం



మన భాషలో ఉపవాసానికి రెండు మాటలున్నాయి. ఒకటి సంస్కృతం నుండి వచ్చిన ఉపవాసం. దగ్గరగా వసించడమని దాని వ్యుత్పత్తి. రెండవది అచ్చతెనుగు ఒక్కపొద్దు. పొద్దుకు ఒక్కమారే భుజించడం, అంటే ఏకభుక్తం. ఏకాదశులకూ కార్తీక సోమవారాలకూ మన అమ్మమ్మలు వాడిన ఈ మాటను తెలుగు కతోలికులు తమ తపస్సు కాలానికీ వాడుకున్నారు. మాంసం మానడాన్ని వారు శుద్ధభోజనం అంటారు. విభూది బుధవారంతో మొదలై ఈస్టరు వరకు సాగే ఈ నలభై దినాల దీక్షలో వారు చేసే ప్రార్థనలలో ఒకటి నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. అది "దైవపిలుపుల" కోసం చేసే ప్రార్థన. అనగా, తమ ఊళ్ళనుండి గురువులూ మఠకన్యలూ పుట్టుకురావాలని కోరుకోవడం.

ఉపవాసానికీ గురువుల నియామకానికీ ఉన్న ముడి చాలా పాతది. అపొస్తలుల కార్యముల గ్రంథంలో, అంతియొకయ సంఘం వారు ఉపవాసముండి, ప్రార్థించి, పిమ్మటనే బర్నబా, సౌలుల మీద చేతులుంచి పంపినట్లు ఉన్నది. క్రీ.శ. 494లో గెలాసియుస్ పోపు, గురుపట్టాభిషేకాలు నిర్ణీత ఉపవాస దినాల శనివారాలలో జరగాలని ఆదేశించాడు. ఆ దినాలు ఏడాదికి నాలుగుమార్లు వచ్చేవి. తపస్సు కాలపు మొదటి వారంలోని బుధ, శుక్ర, శనివారాలు వాటిలో ఒక విడత. పట్టం పొందేది ఒక్కడైనా, పస్తుండేది సంఘమంతా. 1969 నాటి పంచాంగ సంస్కరణలో ఈ దినాల నిర్ణయం ఆయా దేశాల పీఠాధిపతుల సభలకు విడిచిపెట్టబడింది. దానికి ముందే, 1964లో ఆరవ పౌలు పోపు దైవపిలుపుల కోసం ప్రత్యేకంగా ఒక ప్రపంచ ప్రార్థనా దినాన్ని ఏర్పరచాడు. ఇప్పుడది ఈస్టరు కాలపు నాలుగవ ఆదివారం నాడు వస్తుంది.

ఇక మన సీమకు వద్దాం. నరసరావుపేట దగ్గరి రావిపాడు, గురజాల వైపు రెంటచింతల, గుంటూరు దారిలోని ఫిరంగిపురం పాత కతోలిక గ్రామాలు. 18వ శతాబ్దంలో కర్ణాటక మిషనుకు చెందిన ఫ్రెంచి జెస్యూటులు తెలుగు నేలమీద సన్యాసుల వేషంలో, శాకాహార నియమంతో సంచరించారు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికాన్ని 1767లో పారిస్ పండితులకు వ్రాసి పంపిన కోర్దూ ఆ మిషను వాడే. అయితే 1773లో రోము ఆ జెస్యూటు సభనే రద్దు చేసింది. బోధించినవారు పోయారు, విశ్వసించినవారు మిగిలారు. ఉన్న కొద్దిమంది గురువులకు ఊళ్ళు ఎక్కువ, దూరాలు ఎక్కువ. 1875లో మిల్‌హిల్ సభవారు వచ్చేదాకా, ఆ తరువాత కూడా, గురువు కొరత ఈ ఊళ్ళకు కొత్త సంగతి కాదు. గురువు లేనిచోట పూజ లేదు, పాపసంకీర్తనం లేదు, చనిపోయేవానికి చివరి అభ్యంగనం లేదు. కనుక ఈ ప్రార్థన వారికి లాంఛనం కాదు, అవసరం.

అయితే గురువు ఎవరింటినుండి రావాలి? అసలు చిక్కు ఇక్కడున్నది. పున్నామ నరకం నుండి తప్పించేవాడు పుత్రుడని చెప్పుకొనే నేల మనది. కొడుకు బ్రహ్మచారిగా వెళ్ళిపోతే వంశం ఆగుతుంది, సేద్యానికి చేయి తగ్గుతుంది, ముసలితనానికి ఆసరా పోతుంది. "ఊరికొక స్వామిని ఇయ్యి" అని ప్రార్థించడం తేలిక. "మా ఇంటినుండి తీసుకో" అనడం కష్టం. ఆ కష్టమైన మాట అన్న తల్లి ఒకామె ఇక్కడే పుట్టింది. 1822లో ఫిరంగిపురంలో జన్మించిన జ్ఞానమ్మ పెళ్ళయి మద్రాసు ప్రాంతపు కీళచ్చేరికి వెళ్ళింది. ఆమె కుమారులలో ఇద్దరు గురువులైనారు. ఆడపిల్లలకు చదువెందుకన్న కాలంలో, 1863లో, ఆమె బాలికల పాఠశాల తెరిచింది. వితంతువైన ఆమె చొరవతో 1874లో పునీత అన్నమ్మ పేర మఠకన్యల సభ ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరు 21న ఆమె కన్నుమూసింది. 2014లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. భర్త పోయిన స్త్రీకి మూల కూర్చోవడమే గతి అనుకొనే రోజులలో ఇది చిన్న సంగతి కాదు.

ఫలితాలు మెల్లగా కనిపించాయి. 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడినప్పుడు దాని మొదటి పీఠాధిపతి తెలుగువాడే: పోతకమూరి తోమా. ఆయన 1942లో బెంగుళూరుకు వెళ్ళాడు. ఒకప్పుడు గురువుల కోసం ఐరోపా వైపు చూసిన తెలుగు నేల, నేడు ఐరోపా, అమెరికా విచారణలకు గురువులను పంపుతున్నది. కాని ఎవరి పిలుపు వినబడింది, ఎవరిది వినబడలేదు అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. తెలుగు కతోలికులలో దళితులు అధికసంఖ్యాకులు. ఆ వాడలనుండి ఒక కార్డినల్ రావడానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది. ఆయన కర్నూలు జిల్లాలో పుట్టిన పూల అంతోని. దేవుడు పిలిచినా, పెద్దలు తలుపు తీయాలి కదా!

మరొక్క మాట. పల్నాట తపస్సు కాలం మిరపకోతల కాలం. దూరపు జిల్లాలనుండి సైతం కూలీలు వచ్చి, ఎండలో వంగి, ఘాటుకు కళ్ళు మండుతుండగా కాయలు కోస్తారు. దైవపిలుపులను గూర్చిన సువార్త ఉపమానం కూడా కోతదే: పంట మెండు, పనివారు కొరత. ఆ పల్లెల బడులలో పాఠాలు చెప్పినవాడిగా నాకు తెలుసు, కోతల వేళ తరగతిలో ఏ బెంచీలు ఖాళీ అయ్యేవో. పాత నియమాలలో సైతం కాయకష్టం చేసేవారికి ఒక్కపొద్దు నుండి మినహాయింపు ఉండేది. అది కరుణతో చేసిన ఏర్పాటు. వారు ఏడాదిలో ఎన్నో పూటలు కోరకుండానే ఒక్కపొద్దు ఉన్నవారు. అయినా శుక్రవారం సాయంత్రం చేలనుండి తిరిగివచ్చి, చేతులు కడుక్కొని, సిలువ మార్గానికి నిలబడేవారు వారిలో ఉన్నారు.

పంటకు పనివారిని పంపమని దేవుణ్ణి అడిగే సంఘం, ఆ పనివారి బిడ్డ బడిలో ఉన్నదో చేనిలో ఉన్నదో కూడా విచారించాలని నా మనవి. జ్ఞానమ్మ మొదట తెరిచింది మఠం కాదు, బడి. దగ్గరగా వసించడమే ఉపవాసమైతే, అటువంటి దగ్గరతనం నుండే పిలుపులు పుడతాయని నాకు తోస్తున్నది.

మీ ఊళ్ళలో ఇటువంటి దీక్షలకు వాడే తెలుగు మాటలుంటే తెలియజేయగలరు.