లెక్క రాసింది ఎవరి మేలు కోరి?

ఒక కుటుంబం రాబడి ఎంత, అప్పు ఎంత, పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ ఎప్పుడెప్పుడు ఎంత కావాలి, నష్టం వస్తే ఎంతవరకు ఓర్చుకోగలదు అని అడిగి తెలుసుకుని, ఆ ఇంటికి మాత్రమే సరిపోయే పెట్టుబడి ప్రతిపాదన రాసివ్వడం నగరాల్లో పుట్టిన కొత్త వృత్తి అని చాలామంది అనుకుంటారు. కర్నూలు జిల్లా పడమటి తాలూకాల చరిత్ర చూస్తే అది సగమే నిజమని తెలుస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో మనిషి స్థితిగతులను అడగడం, గుర్తు పెట్టుకోవడం, కాగితం మీద పెట్టడం రెండు వందల ఏళ్లుగా జరుగుతూనే ఉంది. అడిగినవాళ్లు బాగానే అడిగారు, తెలుసుకోవలసినదంతా తెలుసుకున్నారు. ఆ తెలివిడి ఎవరికి పనికొచ్చిందన్నదే అసలు విషయం. నాకు కనిపించినంతవరకు, చెప్పుకున్న మనిషి మేలు కోసం ఆ లెక్క రాయాలనే నియమం రావడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాక, థామస్ మన్రో 1807 వరకు కలెక్టరుగా ఉండి పొలం పొలానా కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టే పద్ధతిని నిలబెట్టాడు. ప్రతి రైతు వివరమూ విడిగా నమోదు చేసే అలవాటు అలా సర్కారు కచేరీలో బలపడింది. దాని గురి శిస్తు. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలోనే ఉన్న ఆదోనికి నల్లరేగడి పత్తి తరలివచ్చింది. జిన్నింగు మిల్లులు లేచాయి. ఊరికి ‘రెండో బొంబాయి’ అన్న పేరు పడింది. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. జిల్లా మారినా, రైతు పంట అమ్మిపెట్టి అతనికి అప్పిచ్చే కమీషన్ దుకాణం మారలేదు. రైతుకు ఎన్ని ఎకరాలున్నాయి, ఏ చేను ఎంత పండుతుంది, ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉందా, నిరుటి బాకీ ఎంత మిగిలింది అన్నవి దుకాణదారుకు తెలిసినంతగా రెవెన్యూ అధికారికి కూడా తెలియవు. చిట్టాలో రోజువారీ పద్దు, ఆవర్జాలో మనిషి పేరున ఖాతా. ఒక్కో ఇంటికి తగ్గట్టు ఎంత అప్పివ్వాలో, ఎప్పుడు ఆపాలో ఆ పుస్తకమే చెప్పేది.

షావుకారును దుర్మార్గుడిగా చూపడం తేలిక, అది సరైన చరిత్ర కాదు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. వాన మీద ఆధారపడిన ఈ నేలలో, 1876–78 కరువు చూసిన ఈ తాలూకాల్లో, పూచీ లేని రైతుకు విత్తనానికీ తిండికీ డబ్బిచ్చి ఏడాది ఆగడం చిన్న సాహసం కాదు. అయితే అతని సలహా ఎటు మొగ్గుతుందో అతని రాబడి చూస్తే తెలుస్తుంది. అప్పు మీద వడ్డీ వస్తుంది, పంట తన దుకాణానికే వస్తే కమీషనూ వస్తుంది. బాకీ తీర్చేసి స్వేచ్ఛగా ఉండమని చెప్పడం వల్ల అతనికి వచ్చేది ఏమీ లేదు. 1938లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం ఈ విషయాన్నే బయటపెట్టింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని అది కొట్టేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టజెప్పి ఉంటే అప్పు తీరిపోయినట్టే. కానీ ఎంత కట్టాడో రుజువు చేసే ఆవర్జా, ప్రోనోటు రెండూ అప్పిచ్చినవాడి పెట్టెలో ఉండేవి. తన ఇంటి ఆర్థిక చరిత్ర తన దగ్గర లేని మనిషికి చట్టం మాత్రం ఎంత సాయపడుతుంది? ఆ తర్వాత కూడా, 1951–52లో రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ రుణ సర్వేలో దేశంలోని సాగుదారుల అప్పుల్లో సుమారు 70 శాతం వడ్డీ వ్యాపారులదేనని, సహకార సంఘాల వాటా 3 శాతం దగ్గరే ఆగిందని తేలింది.

అదే 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘాన్ని నిలబెట్టారు. ఈ ప్రాంతపు డబ్బు చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించే ఘట్టం ఇది. మాస్టర్ వీవర్ దగ్గర నూలు తీసుకుని, అతను చెప్పిన కూలికి నేసి, బాకీలో మునిగే నేతగాణ్ని వాటాదారుగా మార్చాలన్న ఆలోచన దీని వెనుక ఉంది. నూలు సంఘమే ఇస్తుంది, గుడ్డ సంఘమే కొంటుంది, లెక్క పుస్తకం సభ్యుల సొత్తు. ఖాతా రాసేవాడి లాభమూ, ఖాతా ఎవరి పేరున ఉందో అతని లాభమూ మొదటిసారి ఒకచోటికి వచ్చాయి. సోమప్పకు పద్మశ్రీ రావడానికి, ఎమ్మిగనూరు దుప్పట్లకూ తెరగుడ్డలకూ దేశమంతటా పేరు రావడానికి మూలం ఇదే. అయినా పెట్టుబడి దృష్టితో చూస్తే ఇందులో ఒక లోటు ఉంది. నేతగాడి కూలి, వాటా ధనం, పొదుపు అన్నీ ఒకే సంఘం మీద, ఒకే మగ్గం మీద ఆధారపడ్డాయి. మరమగ్గం పోటీకి చేనేత తగ్గినప్పుడు అన్నీ కలిసే తగ్గుతాయి. యజమానిగా మారిన సభ్యుడికి కూడా, ‘నీ డబ్బంతా ఇక్కడే పెట్టకు’ అని చెప్పగల బయటి మనిషి ఒకడు కావాలి. సంఘం ఎంత మంచిదైనా ఆ మాట సంఘమే చెప్పలేదు.

బయటి మనిషి వచ్చాడు, బీమా ఏజెంటు రూపంలో. మచిలీపట్నంలో 1925లో మొదలైన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ లాంటివన్నీ 1956లో జీవిత బీమా సంస్థలో కలిశాక, సైకిలు మీద పల్లెలకు వచ్చిన ఏజెంటు చేతిలోని ప్రపోజల్ ఫారం చాలా ఇళ్లకు పెట్టుబడి గురించి నింపిన తొలి కాగితం అయింది. వయసు, వృత్తి, రాబడి, కుటుంబంలో జబ్బులు అన్నీ అందులో ఉంటాయి. కానీ ఆ ప్రశ్నలు కంపెనీ ఈ మనిషిని చేర్చుకోవచ్చా అని తేల్చడానికి. ఈ మనిషికి ఈ పాలసీ అవసరమా అన్నది ఆ కాగితం పని కాదు. ఆ మాట చెప్పవలసిన ఏజెంటు బతుకు పాలసీ అమ్మితే వచ్చే కమీషన్ మీద నడుస్తుంది. దీని చివరి అంచుకు వెళ్తే ఆ ప్రశ్నలు కూడా మాయమవుతాయి. జనం దగ్గర డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీ 2014–15లో కుప్పకూలినప్పుడు సుమారు 32 లక్షల మంది డిపాజిటర్ల ఆరు వేల కోట్ల రూపాయలకు పైగా చిక్కుకుపోయాయి. ఆ డబ్బు సేకరించిన ఏజెంట్లు చాలాచోట్ల ఊరివాళ్లు, చుట్టాలు. వాళ్లకు ప్రతి ఇల్లూ తెలుసు. ఆ తెలిసిన సంగతి డిపాజిట్ ఎక్కడ దొరుకుతుందో చూపింది గానీ, ఎక్కడ అడగకూడదో చూపలేదు.

2013లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన పెట్టుబడి సలహాదారుల నిబంధనలను ఈ వరుసలో పెట్టి చూడాలి. రిజిస్టరైన సలహాదారు ఖాతాదారుడి వయసు, రాబడి, అప్పులు, లక్ష్యాలు, నష్టం భరించే శక్తి తెలుసుకుని తీరాలి. ఇచ్చే సలహా వాటికి ఎలా సరిపోతుందో చూపగలగాలి. ఆ రికార్డును అయిదేళ్లు దాచాలి. 2020 సవరణ తర్వాత ఒకే ఖాతాదారుడికి సలహా చెప్పి ఫీజు తీసుకుంటూ, పథకాలు అమ్మి కమీషనూ తీసుకోవడం కుదరదు. దుకాణదారు, ఏజెంటు అడిగిన ప్రశ్నలే ఇవి కూడా. జవాబు మీద హక్కు మాత్రం చేతులు మారింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఈ ప్రాంతంలోని కోసిగి, పెద్దకడుబూరు నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప చేలకు వెళ్లే కుటుంబం సలహాకు ఫీజు ఎక్కడి నుంచి తెస్తుంది? దేశమంతటా ఇలాంటి రిజిస్టరైన సలహాదారులు వెయ్యి చుట్టుపక్కలే, మ్యూచువల్ ఫండ్ పంపిణీదారులేమో లక్షకు పైనే. వాళ్లలో ఆదోనిదాకా వచ్చేదెవరు? ఇది నిజమే. కానీ ఉచితమనుకున్న సలహాకు ఈ ఇళ్లు ఇప్పటికే ఎంత చెల్లిస్తున్నాయో లెక్కవేయాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష బాకీ ఉంటే ఏడాదికి 24,000 పోతుంది. ఆ ఇంట్లోనే మరో లక్ష ఏడాదికి ఆరు శాతం వచ్చే పొదుపులో పెట్టించారనుకుందాం, వచ్చేది 6,000. ఏటా 18,000 నష్టం. ఈ కుటుంబానికి నిజమైన పెట్టుబడి ప్రతిపాదన మొదటి పేజీలోనే ముగుస్తుంది: దాచింది తీసి బాకీ కట్టండి, రెండు సుగ్గిల మధ్య ఇల్లు నడవడానికి కావలసినంత చేతిలో ఉంచుకోండి, మిగతా సంగతి తర్వాత. బాకీ తీర్పిస్తే ఎవరికీ కమీషన్ రాదు కాబట్టి రెండు వందల ఏళ్లలో ఈ ఒక్క సలహా ఇవ్వడానికి ఇక్కడ ఎవరికీ కారణం లేకపోయింది. ఫీజు భారమే అడ్డయితే దాన్ని ఒక్కో ఇంటి మీద వేయనక్కరలేదు. ఎమ్మిగనూరు నేతగాళ్లు నూలు కోసం సంఘం కట్టినట్టే మహిళా సంఘాల సమాఖ్యలు, మార్కెట్ కమిటీలు కలిసి ఒక సలహాదారుకు జీతం ఇవ్వవచ్చు. అయితే అతను వాడే ప్రశ్నల కాగితం ఇంగ్లీషులో, షేర్లు ఇరవై శాతం పడితే ఏం చేస్తారు అని మొదలైతే లాభం లేదు. ఈ సీమలో నష్టాన్ని తట్టుకునే శక్తి తెలియాలంటే ముందు తెలుగులో, తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు మీ చేనుకు అందుతాయా, కమీషన్ దుకాణంలో బాకీ ఎప్పటికి తీర్చాలి అని అడగాలి.