సైనిక కుటుంబములు – మృతవీరుల స్మృతి



మన వార్షిక మహాసభలయందు విద్యాభివృద్ధినిగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు పెద్దలు ప్రసంగించుట వాడుక. సైన్యమునకు బిడ్డల నిచ్చిన కుటుంబములు తమ మృతులను ఎట్లు స్మరించుకొనుచు వచ్చినవను విషయము మాత్రము ఇట్టి సంచికలలో అరుదుగా కనబడును. కావున ఆ చరిత్రను కొంత విన్నవించుటకు పూనుకొంటిని.

కోనసీమ యనగానే కొబ్బరితోటలును వరిచేలును వేదఘోషయును స్ఫురించును గాని, కత్తియు తుపాకియు స్ఫురింపవు. అయినను అల్లవరము పరిసరములకు యుద్ధవార్త కొత్తది కాదు. సముద్రమునకు చేరువనున్న బెండమూర్లంకలో పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లేయ వర్తకులకు కోఠీ యుండెను. దానిని 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకొనెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో పిఠాపురమునకు సమీపమందలి చందుర్తికడ కల్నల్ ఫోర్డును, విజయనగర ప్రభువగు ఆనందగజపతిరాజును కలిసి ఫ్రెంచివారి నోడించిరి. ఆ కాలముననే క్లైవు వెంట చెన్నపట్టణమునుండి వంగదేశమునకు పోయిన సిపాయీల మూలమున, సిపాయి యెవడైనను వానిని ‘తెలంగా’ యని పిలుచుట ఉత్తరదేశమున వాడుకయైనది. సేనాపతుల పేర్లు చరిత్ర గ్రంథములలో నిలిచినవి. వారి వెంట నడచి నేలకొరిగిన సిపాయీలకు మిగిలినది ఈ జాతినామ మొక్కటియే.

పూర్వము మన దేశమున ఇట్లుండలేదు. గ్రామమును, పశువులను, ప్రభువును కాపాడుచు పడిన వీరునికి వీరగల్లు నిలుపుట తెలుగునాట ప్రాచీనాచారము. పల్నాటియందలి కారెంపూడిలో వీరులగుడి నేటికిని కలదు. ఏటేట కార్తికామావాస్యనాడు ఆరంభమగు ఉత్సవమునకు వీరాచారవంతులు వచ్చి, పూర్వుల ఆయుధములను పూజించి యూరేగింతురు. పండ్రెండవ శతాబ్దపు మృతులను ఇరువది యొకటవ శతాబ్దపు జనులు తమ యింటివారినివలె తలచుకొనుట యెంత గొప్ప విషయము! ఊరంతయు కలిసి చేసికొనిన స్మృతి యగుటచేతనే అది నిలిచినది.

ఒక్క కుటుంబముచే మోయబడు స్మృతికి అవధి కలదు. శ్రాద్ధకర్మయందు పిండములు తండ్రికి, తాతకు, ముత్తాతకు మాత్రమే పెట్టబడును. రణమున శస్త్రముచే హతులైనవారికై మహాలయపక్షమున చతుర్దశిని ప్రత్యేకించిరి. మరణతిథి తెలియనివారికి అమావాస్య గలదు. దేశాంతరగతుడై జాడ తెలియనివానికై పండ్రెండేండ్లు వేచియుండి, మోదుగకాడలతో ప్రతిమను గావించి దహనము చేయు విధియు కలదు. ఇన్ని విధుల నేర్పరచిన పూర్వులు, శవము దొరకని యింటివారి దుఃఖమును బాగుగా నెరిగినవారని చెప్పక తప్పదు.

ఆ దుఃఖము గత శతాబ్దమున మన దేశమున వేలకొలది యిండ్లకు వచ్చినది. 1914–18 మహాసంగ్రామమున సుమారు 74,000 మంది భారతీయ సైనికులును, 1939–45 సంగ్రామమున సుమారు 87,000 మందియు మరణించిరి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు 40,000కు మించిన భారత సైనికులు జపానువారికి బందీలైరి. అట్టివారి యిండ్లకు ఉత్తరము లేదు, మనియార్డరు లేదు, మరణవార్తయు లేదు. భర్త జీవించియున్నాడో లేడో తెలియని యిల్లాలు బొట్టు పెట్టుకొనవలెనో మానవలెనో ఏ పురోహితుడు చెప్పగలడు? తల్లి యే తిథినాడు కొడుకును తలచుకొని కంటతడి పెట్టవలెను? యుద్ధచరిత్రలు వ్రాసినవారు ఈ ప్రశ్నలను తడవలేదు.

మన గోదావరి మండలములలో ఈ భారమును ఊరుమ్మడిగా మోసిన గ్రామ మొకటి కలదు. అది తాడేపల్లిగూడెము సమీపమందలి మాధవరము. ఆ గ్రామమునుండి మొదటి మహాసంగ్రామమునకు 90 మందియు, రెండవదానికి వందలకొలదియు వెళ్ళిరని చెప్పుదురు. దానికి ‘మిలిటరీ మాధవరము’ అను పేరే స్థిరపడినది. ఆ యూర మృతవీరులకు స్మారకచిహ్నము కలదు. ఆ యూరి బాలుడు దారినిబోవుచు దానిని చూచి ‘ఇది యెవరిది?’ అని యడుగును. పెద్దలు చెప్పుదురు. స్మృతి నిలుచుట యిట్లే.

అన్య దేశములలో పడినవారి గతి యేమయ్యెను? 1917లో స్థాపింపబడిన యుద్ధసమాధుల సంఘము, హోదాను పాటింపక మృతులందరిని సమముగా గౌరవింపవలెనని నియమము పెట్టుకొనెను. కొన్నిచోట్ల ఆ నియమము చెల్లినది. కోహిమాలో దహనసంస్కారము పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు స్మారకము కట్టిరి. బర్మాలోని తౌక్యాన్ వద్ద సమాధి తెలియని సుమారు 27,000 మంది పేర్లను రాతిపై చెక్కిరి. కాని 1929లో బస్రాయందు నిర్మించిన స్మారకముపై భారతీయులలో అధికారుల పేర్లు మాత్రమే యెక్కినవి. సామాన్య సిపాయీలు దళముపేరి క్రింద అంకెలుగా మిగిలిరి. తొంబది సంవత్సరములు గడచిన పిమ్మట, 2021 ఏప్రిలులో, ఆ సంఘమే ఒక నివేదికను ప్రకటించి, మొదటి సంగ్రామమున మరణించినవారిలో కనీసము 1,16,000 మందికి, ముఖ్యముగా ఆఫ్రికా, ఆసియా ఖండములవారికి, పేరుతో స్మరణ జరుగలేదని యంగీకరించెను.

ఈ సందర్భమున భారతకథ జ్ఞప్తికి వచ్చును. కురుక్షేత్రము ముగిసిన పిమ్మట ధర్మరాజు, దిక్కులేని మృతులకును సంస్కారము లోపింపరాదని విదురాదుల నియోగించెను. తర్పణములు విడుచునప్పుడు కుంతి ముందుకు వచ్చి, కర్ణుడు మీ యగ్రజుడు, అతనికిని నీరు విడువుడని చెప్పెను. తల్లి నోరు తెరవకున్నచో కర్ణుడు ఆ తర్పణమున లేకయే పోయెడివాడు. పేరు చెప్పువారుండిననే స్మరణ కలుగును.

స్వాతంత్ర్యానంతరము మృతులైనవారి విషయమున దేశము కొంత ఋణము తీర్చుకొన్నది. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభింపబడిన జాతీయ యుద్ధస్మారకముపై 25,000కు పైగా పేర్లు చెక్కబడినవి. 2020 జూన్ 15న గల్వాను లోయలో వీరమరణమొందిన కల్నల్ సంతోష్‌బాబు విగ్రహమును ప్రథమ వర్ధంతినాడు ఆయన స్వస్థలమగు సూర్యాపేటలో ప్రతిష్ఠించిరి. అయినను 1914లో ఓడ యెక్కిన వానికి నేడు పిండము పెట్టవలసిన మూడుతరములు దాటుచున్నవి. అవివాహితుడై పడినవానికి ఆ మాత్రమును లేదు. శాస్త్రము విధించిన అవధి ముగిసినచోట సంఘముయొక్క విధి ఆరంభమగును.

కావున నాదొక విన్నపము. సైనికులుగల ప్రతి యింటివారును పెట్టెలలోని పతకములను, పింఛను కాగితములను, పాత ఉత్తరములను వెలికి దీసి, మృతుని పేరు, తండ్రి పేరు, దళము, సైనికసంఖ్య, మరణించిన తేదీ, స్థలము వ్రాసి పంపవలయును. అతని తల్లి పేరును, భార్య పేరును విడువరాదు. పింఛనుతో పిల్లలను పెంచి, ఒంటరిగా సంసారము నీడ్చిన ఆ యిల్లాండ్రు సైతము యుద్ధమున పాలుగొన్నవారే. అట్టి పట్టికను రాబోవు సంచికలో అచ్చువేయుటకు కార్యవర్గమును, అల్లవరమున ఒక శిలాఫలకమును నిలుపుటకు పోషకులును సంకల్పింతురుగాక. ఎనుబది యేండ్లు పైబడిన పెద్దలు నేడింకను మనమధ్య నున్నారు. ఆ పేర్లలో పెక్కు వారి జ్ఞాపకముననే యున్నవి. వచ్చే మహాసభవరకు వేచియుండక, ఈ సభనుండి యిండ్లకు మరలినవెంటనే వారియొద్ద కూర్చుండి వ్రాసికొనవలయునని ప్రార్థించుచున్నాను.