హుగ్లీ నదియు గోనెమిల్లులును

కోతల కాలమున గోనెసంచి లేనిదే మన యింట ధాన్యము కదలదు. ఆ సంచి చరిత్ర వంగదేశమునందలి హుగ్లీ నదితో ముడివడి యున్నది. గంగాశాఖయైన యీ నదిలో సముద్రపు పోటు కలకత్తాకు ఎగువన సైతము చాలదూరము ఎక్కును. పోటుతో పడవలు పైకి పోవును, పాటుతో దిగివచ్చును. కావుననే పోర్చుగీసులు హుగ్లీలోను, డచ్చివారు చిన్సురాలోను, ఫ్రెంచివారు చందర్‌నగరులోను, డేనులు శ్రీరాంపురములోను, ఇంగ్లీషువారు కలకత్తాలోను ఒకే నదీతీరమున వర్తకస్థానములు నెలకొల్పిరి.

అయినను నది యున్నంతమాత్రమున మిల్లులు లేవవు. అది యనాదిగా ప్రవహించుచునే యుండెను గదా! 1854లో ఇంగ్లండు క్రిమియా యుద్ధమున రష్యాపై దిగుటతో, స్కాట్లండునందలి డండీ నగరమునకు రష్యా నార రాక తగ్గి, వంగదేశపు జనపనారకు గిరాకి హెచ్చెను. 1855లో జార్జి ఆక్లండు అను ఆంగ్లేయుడు ఒక వంగీయ ధనికుని సాయముతో, డండీ యంత్రములు తెప్పించి, హుగ్లీ యొడ్డున రిష్రాలో నార వడకు మిల్లు స్థాపించెను. 1859లో బారానగరమున మరమగ్గములు ఆడెను. పిదప ఇరుగట్టులను మిల్లు గొట్టములు వరుసగా లేచినవి.

ఏటిగట్టుననే యేల? తూర్పు వంగమునందలి పల్లెల నార నాటుపడవలలో, స్టీమర్లలో తిన్నగా మిల్లు రేవునకే చేరెడిది. బాయిలర్లకు నీరు ఆ యేటినుండియే. సిద్ధమైన సంచులు మరల పడవలలోనే ఓడల కడకు పోయెడివి. నడుమ బండికూలి లేదు. బొగ్గు విషయమున మాత్రము నది చాలలేదు. దామోదర నదిలో నీరు నిండుగా నుండు వానకాలమునందే రాణిగంజు బొగ్గుపడవలు నడచెడివి; 1855లో రైలు వచ్చి ఆ కొరత తీర్చెను.

హుగ్లీని పొగడువారు దాని యిసుకమేటలను మరచుట న్యాయము కాదు. దారి యెరిగిన పైలటు లేనిదే పెద్ద యోడ కలకత్తా చేరజాలదు. మేట తగ్గించుటకై ఫరక్కా ఆనకట్టను 1975లో ప్రారంభించిరి.

అంతకుముందే మరియొక దెబ్బ తగిలెను. 1947 విభజనతో మిల్లులు భారతదేశమునను, మేలైన నార పండు భూములలో అధికభాగము తూర్పు పాకిస్తానునను నిలిచెను. 1965 యుద్ధముతో ఆ నడిమి నదీమార్గమును మూతపడెను.

ఈ మిల్లులలో చెమటోడ్చినవారిలో మన తెలుగువారును గలరు. గంజాము, విశాఖపట్టణము మండలముల పల్లెలు విడిచి పోయినవారు టిటాగఢ్ మొదలగు మిల్లు పట్టణములలో కాపురములు పెట్టిరి. నది రప్పించిన మిల్లులకు వారు పోయినది మాత్రము రైలుమీదనే.