కరువు కాలంలో లేచిన గోపురం

కాజీపల్లి కంపెనీల పొగగొట్టాలు వెనకబడ్డాక, గుమ్మడిదల మీదుగా నర్సాపూర్ అడవి దాటితే మెదక్ దారి. చెరువులూ వరి మళ్లూ చూస్తూ పోతుంటే, ఊరు ఇంకా రాకముందే చెట్ల మీదుగా ఒక రాతి గోపురం తల ఎత్తుతుంది. 175 అడుగుల ఎత్తు. ఇంగ్లండు పల్లెల్లో కనబడే చర్చి గోపురం ఈ తంగేడు పొదల మధ్యకు ఎలా వచ్చిందా అనిపిస్తుంది.

రావడం మాత్రం గుర్రం మీదే వచ్చింది. వెస్లియన్ మెథడిస్టు మిషన్ పంపిన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్‌లో అడుగుపెట్టారు. తిరుమలగిరిలోని తెల్ల సిపాయిలకు ప్రార్థనలు జరిపించడం ఆయన పని. ఆ పనితో మనసు నిండలేదు. పల్లెల వైపు బయలుదేరారు. రైలు లేదు, బస్సు లేదు. రెండు రోజులు గుర్రం మీద ప్రయాణం చేసి మెదక్ చేరి, డాక్ బంగళాలో దిగారు. అప్పటికి అక్కడ క్రైస్తవులు కొద్దిమందే. వాళ్లు ప్రార్థన చేసుకునే చోటు ఒక చిన్న పెంకుటిల్లు.

దేవుడికి ఇచ్చేది మన దగ్గరున్న వాటిలో మేలైనదై ఉండాలన్నది పాస్నెట్ పట్టుదల. ఆ పెంకుటిల్లు ఆయన కళ్లకు ఆనలేదు. కానీ పెద్ద గుడి కట్టడం మాటలా? ఇంగ్లండులో ఊరి చర్చి ఒక్కరి చేతిలో పూర్తయ్యేది తక్కువ. తాతలు పునాది వేస్తే, మనవల కాలానికి గోడలు లేచేవి, ఇంకో వందేళ్లకు గంట గోపురం. అందుకే ఒకే చర్చిలో గుండ్రటి ఆర్చీ పక్కన మొనదేలిన ఆర్చీ కనబడుతుంది. పైగా అక్కడ చాలాచోట్ల దొరికేది మెత్తటి సున్నపురాయి, ఉలికి లొంగుతుంది. మెదక్ చుట్టూ ఉన్నది గ్రానైటు. తొందరపడితే ఉలే మొండిబారుతుంది.

ఈ లెక్కలు తేలకముందే కరువు వచ్చి పడింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులవి. వానలు ముఖం చాటేశాయి, గత్తర ఊళ్ల మీద పడింది. గంజి కోసం జనం మిషన్ వాకిట్లో నిలబడ్డారు. ఊరికే పెడితే ఎన్నాళ్లు పెట్టగలరు? చెయ్యి చాచి తినడం ఎవరికి మాత్రం ఇష్టం? పాస్నెట్‌కు దారి అక్కడే దొరికింది. పని చూపించాలి, కూలికి తిండి పెట్టాలి. మనసులో ఏళ్ల తరబడి మెదులుతున్న గుడికి 1914లో పని మొదలైంది. డబ్బు ఉన్న రోజున కాక, తిండి లేని రోజున మొదలైన కట్టడం ఇది.

నమూనా ఇంగ్లండులోని బోల్టన్ నగరం నుంచి వచ్చింది. బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్పుల సంస్థ దాన్ని గీసింది. గాథిక్ పద్ధతి. గుండ్రటి ఆర్చీ తన మీది బరువును పక్కలకు ఎక్కువగా తోస్తుంది, దాన్ని ఆపడానికి గోడలు లావుగా ఉండాలి. మొనదేలిన ఆర్చీ ఆ బరువును నేలవైపు దించుతుంది. గోడలకు భారం తగ్గితే కిటికీలకు చోటు దొరుకుతుంది. కాగితం మీది ఈ కిటుకు మెదక్‌లో చెక్కిన బూడిదరంగు గ్రానైటు స్తంభాలుగా లేచింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. సుమారు ఐదు వేల మంది పట్టే హాలు.

అంత పెద్ద రాతి హాలుతో ఇంకో చిక్కు ఉంది. ఒక మాట పలికితే గోడకు తగిలి తిరిగొచ్చి, తర్వాతి మాటను మింగేస్తుంది. చెప్పింది జనానికి వినబడకపోతే గుడి ఎంత పెద్దదైతే ఏం లాభం? అందుకే కప్పులో స్పంజిలా బోలుగా ఉండే పదార్థం వాడి ప్రతిధ్వనిని అణిచారు. నేల మీదకు బ్రిటన్ నుంచి రంగురంగుల పలకలు వచ్చాయి. వాటిని పరిచింది ఇటలీ మేస్త్రీలు. ఓడ దిగిన పలకలూ మెదక్ కూలీలు మోసిన రాళ్లూ ఒకే కప్పు కింద కలిశాయి.

పదేళ్లు గడిచాయి. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే, గుడిని ప్రతిష్ఠించారు.

అయినా కథ అప్పటికి పూర్తి కాలేదు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగు అద్దాల కిటికీలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. క్రీస్తు ఆరోహణం 1927లో, క్రీస్తు జననం 1947లో, సిలువ దృశ్యం 1958లో. మొదటి అద్దానికీ చివరి దానికీ మధ్య 31 ఏళ్లు. ఈలోగా దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దక్షిణ ఇండియా సంఘం అనే క్రైస్తవ చర్చి వ్యవస్థ ఏర్పడి, మెదక్ అందులో ఒక డయోసిస్‌కు, అంటే ఒక బిషప్ పరిధికి, కేంద్రమైంది. ఇంగ్లండులో తరాలు పట్టే పనిని పదేళ్లలో ముగించారనుకుంటే, కిటికీల దగ్గరికి వచ్చేసరికి ఈ గుడి కూడా ఇంగ్లండు పల్లె చర్చిలాగే నిదానించింది.

ఆ అద్దాల అందం చూడాలంటే పగలే వెళ్లాలి. పొద్దుగూకాక లోపల నిలబడితే బొమ్మలన్నీ నల్లబడిపోతాయి. రంగులు ఇంగ్లండువే, వాటిని వెలిగించేది మాత్రం మెదక్ ఎండ. కరువునాడు పంటల్ని మాడ్చి, జనాన్ని ఈ పనికి తోలింది కూడా ఆ ఎండే.